గడప కిందికి దిగిన రోడ్డు

రాష్ట్రం వచ్చిన మూడో ఏడు, మృగశిర కార్తెకు ముందు వారంలో, నన్ను కొత్తవాడ వైపు డివిజన్లకు డీఈగా బదిలీ చేశారు. డీఈ అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. మున్సిపల్ ఇంజనీరింగ్‌లో మెట్లు తెలియనివాళ్లకు క్లుప్తంగా చెప్తాను. ఏఈ రోడ్డు మీదికి వెళ్లి కొలుస్తాడు, డీఈ ఆ కొలతల్ని అనుమానిస్తాడు, ఈఈ సంతకం పెడతాడు, ఎస్‌ఈ ఎందుకు పెట్టావని అడుగుతాడు. ముప్ఫై ఏళ్లకు దగ్గరపడిన సర్వీసులో నేను మొదటి రెండు మెట్లే ఎక్కాను. ఇంకా పైకి ఎక్కాలన్న ఆరాటం నాకు పెద్దగా లేదు, ఎక్కించాలన్న ఆరాటం పైవాళ్లకూ లేదు.

కొత్తవాడ నాకు కొత్త కాదు. నేను పుట్టి పెరిగింది వరంగల్ మండిబజార్‌లో. మా ఇంట్లో పండక్కి చుట్టాలొస్తే పరిచే జంపఖానాలన్నీ కొత్తవాడ మగ్గాల మీద నేసినవే. బయటివాళ్లు వాటిని దర్రీలంటారు. అదీగాక, పదిహేనేళ్ల కింద నేను ఏఈగా ఉన్నప్పుడు అక్కడ ఒక గల్లీకి సిమెంటు రోడ్డు వేయించాను. ఆ రోజు గల్లీవాళ్లు నా మెడలో బంతిపూల దండ వేశారు. మున్సిపల్ ఇంజనీరుకు దండ పడడం చాలా అరుదు, సాధారణంగా పడేవి వేరే. కాబట్టి ఆ గల్లీ పేరు వినగానే నాకు ఛాతీ కొంచెం పొంగేది.

కొత్త పోస్టులో నా బల్ల మీదికి వచ్చిన మొదటి ఫైలు ఆ గల్లీదే. అందులో ఒకటి కాదు, రెండు ఉత్తరాలున్నాయి. కారణం ఏమిటంటే, డివిజన్ల హద్దులు మార్చినప్పుడు గీత సరిగ్గా ఆ గల్లీ నడిమధ్య నుంచి పోయింది. ఎడమ చేతి ఇళ్లు ఒక డివిజన్, కుడి చేతి ఇళ్లు ఇంకొకటి. ఎదురెదురు ఇళ్లవాళ్లు పొద్దున లేచి ఒకే రోడ్డు మీద చాయ్ తాగుతారు గాని ఓటు మాత్రం వేరువేరు చోట్ల వేస్తారు. ఎడమ వైపు కార్పొరేటర్ స్వరూపగారు. ఆమె నిదానస్తురాలు, సంతకం పెట్టే ముందు కాగితం చదివే మనిషి. ఆమె తరఫున మాట్లాడేది మాత్రం ఆమె భర్త రాజేందర్. కుడి వైపు కార్పొరేటర్ యాకయ్య, ఆటో స్టాండు నుంచి ఎదిగిన నాయకుడు, గొంతు పెద్దది, మనసు కూడా పెద్దదే. ఇద్దరివీ చెరో పార్టీ. ఇద్దరూ తమ డివిజన్ నిధుల నుంచి అదే గల్లీకి కొత్త సీసీ రోడ్డు వేయాలని చెరో ఉత్తరం ఇచ్చారు.

గల్లీలో రోడ్డు పాతబడింది నిజమే. మధ్యలో పగుళ్లు, అక్కడక్కడా గుంతలు. కాని ఒకే రోడ్డును రెండు నిధులతో రెండుసార్లు వేస్తే ఆడిట్‌వాళ్లు ఊరుకోరు. ఒకరి నిధులతో వేస్తే రెండోవాళ్లు ఊరుకోరు. శిలాఫలకం మీద ఎవరి పేరుండాలన్నదే అసలు తగాదా. నేను రెండు రోజులు ఆలోచించి, నా దృష్టిలో చాలా తెలివైన ఉపాయం పట్టాను. సీసీ రోడ్డును మధ్యలో ఒక జాయింటు పెట్టి రెండు పట్టీలుగా పోయవచ్చు. ఎడమ పట్టీ స్వరూపగారి నిధుల్లోంచి, కుడి పట్టీ యాకయ్య నిధుల్లోంచి, కాంట్రాక్టరు ఒక్కడే. మా ఈఈగారు ఎస్టిమేటు చూసి, ఖాదర్, ఈ గల్లీకి నువ్వు పంచాయితీ పెద్దవయ్యావని మెచ్చుకున్నారు.

ఎస్టిమేటులో మిగతాదంతా మామూలే. మామూలు అంటే, ఉన్న రోడ్డును అలాగే ఉంచి దాని మీద జానెడు మందాన కొత్త కాంక్రీటు పోయడం. పాత రోడ్డు పగలగొట్టాలంటే ఖర్చు, ఆలస్యం, మంచినీళ్ల పైపులు తెగుతాయన్న భయం. అందుకని చాలా గల్లీల్లో అలాగే చేస్తూ వచ్చాం. లెవెల్ మిషను పెట్టి రోడ్డు మధ్యన ఈ చివర నుంచి ఆ చివర దాకా మట్టాలు తీసుకున్నాం. నీళ్లు ఏ వైపు పారాలో లెక్క కట్టాం. పుస్తకం ప్రకారం ఒక్క తప్పు లేదు.

మార్కింగు కోసం నేను మళ్లీ గల్లీకి వెళ్లింది మొదటి వాన పడిన మర్నాడు పొద్దున. సున్నం పోసి గీత గీయిస్తుంటే ఒక ఇంట్లోంచి బక్కెట నీళ్లు వచ్చి నా బూట్ల మీద పడ్డాయి. వెనకే ఇంకో బక్కెట. లోపల్నుంచి ఒక ముసలామె తల బయటికి పెట్టి చూసింది. ఆమె పేరు నర్సవ్వ, ఆ గల్లీలో ఇంకా జంపఖానాలు నేస్తున్న కొద్దిమందిలో ఒకరు.

“నువ్వు ఖాదర్ సారువే గదా? అప్పుడు సన్నగుంటివి. దండ గూడ ఏసినం నీకు. జర లోపలికి రా బిడ్డా, నీ రోడ్డు నా ఇంట్ల ఏం చేస్తాందో సూద్దువు.”

నేను మెట్టు దిగి లోపలికి వెళ్లాను. దిగి అన్న మాట ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. ఆ ఇంట్లోకి మెట్టు ఎక్కి వెళ్లాల్సిన చోట దిగి వెళ్లాను. లోపల గుంట మగ్గం ఉంది. మగ్గం నేల మీదే ఉంటుంది, దాని ముందు నడుంలోతు గుంట తవ్వుతారు. నేసేవాళ్లు గుంట అంచున కూర్చుని, కాళ్లు అందులోకి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కల్ని తొక్కుతూ నేస్తారు. వెడల్పు జంపఖానాకు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. నర్సవ్వ, ఆమె కోడలు లావణ్య అలా నేస్తారు. ఆ పొద్దు గుంటలో మోకాలి దాకా నీళ్లున్నాయి. లావణ్య అందులో నిలబడి బక్కెటతో తోడుతోంది.

నర్సవ్వ కోపంగా ఏమీ చెప్పలేదు. చాలా ఓపికగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. నేను అప్పట్లో వేయించిన రోడ్డుతో గడప, రోడ్డు సమానమయ్యాయి. ఆ తర్వాత ఎవరో దాని మీద తారు పోశారు, రోడ్డు గడపను దాటింది. అప్పటి నుంచి గట్టి వాన పడితే నీళ్లు గుంటలోకి వస్తాయి. తొక్కుడు చెక్కల తాళ్లు నాని తెగుతాయి, పడుగు నూలు చెమ్మ పట్టి పాడవుతుంది. ఎదురింటివాళ్లు విసిగిపోయి గుంట పూడ్చి మగ్గం అమ్మేశారు. వీళ్లకు నిలువు మగ్గం పెట్టుకునే ఎత్తు లేదు, పెంకుటింటి కప్పు కిందికి ఉంది.

“నేల లేపుదామంటే నెత్తి దూలానికి తాకుతది. గుంట పూడ్సుదామంటే బతుకుదెరువు పోతది. ఇప్పుడు ఇంకో జానెడు పోస్తవాయె. పోసేముందు ఒక్క మాట చెప్పు బిడ్డా, మేం మగ్గం అమ్ముకునే ఫికర్ల పడ్తం.”

నాకు సిగ్గేసింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నేను వేల మట్టాలు తీసుకున్నాను, అన్నీ రోడ్డు మధ్యన నిలబడి తీసుకున్నవే. ఒక్క గడప మీద కూడా కొలత కర్ర పెట్టి చూడలేదు. గుంట మగ్గాలున్న గల్లీలో రోడ్డు ఎత్తు పెంచడమంటే ఇంట్లో గుంట తవ్వి పెట్టుకున్నవాళ్లకు నీళ్లు పంపించడమని ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు, కాని కొత్తవాడలో పనిచేసేవాడికి ఎవరూ చెప్పకుండానే తెలియాలి. సున్నం గీత అక్కడితో ఆపించి ఆఫీసుకు వెళ్లిపోయాను.

ఈఈగారికి నా ఎస్టిమేటు వెనక్కి ఇవ్వమని నోట్ పెట్టాను. అందులో పొరపాటు నాదేనని రాశాను. సర్కారు నౌకరీలో పొరపాటు తనదేనని కాగితం మీద రాసేవాడు కనబడడు కాబట్టి ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. ఇండ్లల్లకు తొంగి సూడమని నీకెవరు చెప్పిన్రయ్యా అని తల పట్టుకున్నారు. ఆయన బాధలోనూ న్యాయం ఉంది. పాత పొరలు తవ్వి రోడ్డును దించాలంటే ఖర్చు పెరుగుతుంది. మంజూరైన నిధులతో గల్లీలో మూడింట రెండు వంతులే పూర్తవుతుంది. మిగతా వంతుకు కార్పొరేటర్లు ఇద్దరూ తమ వేరే పనుల్లోంచి కొంత మళ్లించాలి. అందుకు వాళ్లు ఒప్పుకుంటే కొత్త ఎస్టిమేటు మీద సంతకం పెడతాననీ, లేకపోతే పాతదే నడుస్తుందనీ చెప్పి, నాకు పదిహేను రోజుల గడువిచ్చారు.

రాజేందర్ దగ్గరికి వెళ్లాను. ఆయన చాయ్ తెప్పించి, నా మాట మొత్తం విని, నవ్వాడు.

“డీఈ సాబ్, ఉన్న రోడ్డు తవ్వితే జనం నన్ను తవ్వుతరు. రోడ్డు జర లేస్తెనే పనైనట్టు కనబడ్తది. కిందికి దించి పైసలు పెట్టిన అంటే ఎవడు నమ్ముతడు?”

యాకయ్య దగ్గరా అదే పాట, కాకపోతే గొంతు పెద్దది. అవతలివాళ్ల వైపు రోడ్డు లేచి తన వైపు దిగిపోతే పార్టీ ఇజ్జత్ ఏం కావాలన్నాడు. ఇద్దరూ ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయానికి వచ్చారు, తవ్వకం శిలాఫలకం మీద రాయడానికి పనికొచ్చే పని కాదని. అప్పుడు నాకొకటి అర్థమైంది. మా పట్నంలో రోడ్డు నిధులు పొడవుకూ వెడల్పుకూ రావు, ఎత్తుకు వస్తాయి. ఎత్తు కళ్లకు కనబడుతుంది, గుంటలో నీళ్లు కనబడవు. అందుకని ఆ నీళ్లను కనబడేలా చేయాలి.

మరుసటి బుధవారం ఉమ్మడి తనిఖీ పెట్టించాను. రోడ్డు పనికి ముందు ప్రజాప్రతినిధులూ ఇంజనీర్లూ కలిసి వచ్చి చూసే పద్ధతి అది, రూల్సులోనే ఉంది. వాళ్లు వచ్చేలోపు, పొద్దున్నే, నేనూ మా ఏఈ శ్రావణీ ఒక మేస్త్రీని తీసుకుని గల్లీకి వెళ్లాం. మేస్త్రీ దగ్గర నీళ్ల గొట్టం ఉంది. పారదర్శకంగా ఉండే సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోస్తే రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. గోడ కట్టేవాళ్లందరూ వాడేదే. దానితో, నా పాత ఎస్టిమేటు ప్రకారం పోస్తే కొత్త రోడ్డు పైభాగం ఎక్కడిదాకా వస్తుందో ప్రతి ఇంటి గోడ మీదా గుర్తు పెట్టించి మేకు కొట్టించాం. గుర్తుల్ని కలపడానికి దారం కావాలి. మేస్త్రీ దగ్గరున్న దారం నాలుగిళ్లకే అయిపోయింది. నర్సవ్వ లోపలికి వెళ్లి ఎర్ర పడుగు నూలు కండె ఒకటి తెచ్చి మా చేతిలో పెట్టింది.

ఆ ఎర్ర దారం గల్లీ రెండు వైపులా, ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగింది. నర్సవ్వ గడప మీద జానెడు పైచిలుకు ఎత్తున పోయింది. ఎదురింట్లో అరుగును దాటింది. మూలన ఉన్న కిరాణా కొట్టులో బియ్యం బస్తాల నడుముకు తగిలింది. యాకయ్య సొంత మేనమామ ఇంటి పల్లపు గడప దగ్గర మోకాలికి వచ్చింది. ఎవరికీ ఒక్క మాట వివరించాల్సిన అవసరం రాలేదు. జనం తలుపుల్లోంచి బయటికి వచ్చి దారాన్ని చూశారు, దాటడానికి కాళ్లెత్తారు, అప్పుడు అర్థం చేసుకున్నారు.

తొమ్మిదింటికి రాజేందర్, స్వరూపగారు, యాకయ్య వచ్చేసరికి గల్లీలో జాతరలా ఉంది. ఎవరి ఇంటి ముందు వాళ్లు దారం పక్కన నిలబడి ఉన్నారు. కిరాణా కొట్టు శెట్టిగారు రాజేందర్‌ను చేయి పట్టి లోపలికి తీసుకెళ్లి, ఇగో తమ్మీ, గీ దారం కాడికి నీళ్లొస్తే నా బియ్యం నువ్వు కొంటవా అని అడిగారు. మేనమామగారు యాకయ్యకు ఎదురుగా గడప లోపల కుర్చీ వేసుకుని కూర్చుని, దారం మీదుగా కాళ్లు బయటికి చాపి, చూడరా అల్లుడా అన్నట్టు చూశారు. స్వరూపగారు నేరుగా నర్సవ్వ ఇంట్లోకి దిగారు. గుంటలోకి వంగి చూశారు. తర్వాత బయటికి వచ్చి, నేను ఈ పోస్టులోకి వచ్చాక ఆమె నోట మొదటిసారి విన్న గొంతుతో, భర్తకు చెప్పారు.

“నువ్వు జరసేపు ఊకో. తవ్వుడు కావాలె. పార్కు గోడ పని వచ్చే ఏడు చేసుకుందం, ఆ పైసలు ఇటు పెట్టున్రి. కాగితం తెండ్రి, నేనే సంతకం పెడ్త.”

యాకయ్య ఆగుతాడా? తన వైపు తవ్వకం ముందు మొదలుపెట్టాలన్నాడు. తవ్వమని గల్లీ తరఫున అడిగింది మొదట తనేనన్నాడు. రాజేందర్ తేరుకుని, తవ్వుడు అసలు తమ ఆలోచనేనన్నాడు. వారం కింద ఎవరికీ అక్కర్లేని తవ్వకం కోసం ఇద్దరూ నా ముందే పోటీపడుతుంటే, నేనూ శ్రావణీ నవ్వు ఆపుకోవడానికి మట్టాలు రాసుకునే లెవెల్ బుక్కులో మొహాలు దాచుకున్నాం. ఆ సాయంత్రానికల్లా నిధులు మళ్లించమని రెండు ఉత్తరాలు ఆఫీసుకు చేరాయి. ఈఈగారు మాట మీద నిలబడ్డారు.

టెండరు, అగ్రిమెంటు అయ్యేసరికి వానలు తగ్గుముఖం పట్టాయి. దసరా తర్వాత పని మొదలైంది. తవ్వకం మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు గల్లీవాళ్లు దుమ్ము తిన్నారు, నన్ను తిట్టారు, మధ్యలో రెండుసార్లు మంచినీళ్ల పైపు తెగితే ఇంకాస్త ఎక్కువ తిట్టారు. పైన తారు పొర గంటల్లో లేచిపోయింది. దాని కింద కాంక్రీటు దగ్గరకు వచ్చేసరికి బ్రేకరు మొరాయించింది. రెండో రోజుకు నాలుగు గజాలు కూడా సాగలేదు. పగలగొట్టే మేస్త్రీ చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

“ఎవడు పోసిండో గని సారు, మస్తు గట్టిగ పోసిండు. వాడు దొరికితే దండం పెట్టాలె, ఆ తర్వాత రెండు పీకాలె.”

నర్సవ్వ అరుగు మీద కూర్చుని అంతా వింటోంది. వేలు నావైపు చూపించి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. మేస్త్రీ నాలుక కరుచుకున్నాడు. నేను కూడా నవ్వాను, ఎందుకంటే ఆ క్షణంలో నాకు సిగ్గు ఎంతుందో గర్వమూ అంతే ఉంది. సిమెంటు తగ్గించి ఇసుక పెంచకుండా, నీళ్లు పట్టించడంలో ఒక్క రోజు తప్పకుండా పోయించిన రోడ్డు అది. మంచి రోడ్డే, పోసిన మట్టమే తప్పు. నా కాంక్రీటును పగలగొట్టినందుకు బిల్లు మీద కొలతలు చూసి సంతకం పెట్టింది కూడా నేనే. మా శాఖలో ఇంకెవరికైనా ఆ భాగ్యం దక్కిందో లేదో తెలియదు.

దాని కింద మొరం, ఇంకా కింద ఎప్పటివో షాబాద్ రాళ్లు బయటపడ్డాయి. ఆ రాళ్ల మట్టం నర్సవ్వ గడపకు జానెడు కిందుంది. ఆ ఇల్లు కట్టినవాళ్లు గడప ఎక్కడ పెట్టాలో చూసుకునే పెట్టారు. మేము మళ్లీ ఆ మట్టానికే రోడ్డు పోశాం. రెండు పక్కలా నీళ్లు పోయే సన్న కాలువలు కట్టి పైన రాతి పలకలు కప్పించాం. మధ్యలో జాయింటు పెట్టమని యాకయ్య అడిగాడు గాని అవసరం లేదని ఒప్పించాను. శిలాఫలకాలు రెండు, గల్లీకి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. రెండింటి మీదా ఎవరి పేర్లు వాళ్లవి చెక్కారు, అడుగున సన్న అక్షరాలతో ఇద్దరూ ఒకే మాట చెక్కించుకున్నారు: పాత రోడ్డును తవ్వించి వేసిన రోడ్డు. అలాంటి శిలాఫలకం ఇంకెక్కడా నేను చూడలేదు.

మరుసటి ఏడు మొదటి గట్టి వాన మధ్యాహ్నం పూట పడింది. వాన వెలిశాక నేను బండి మీద కొత్తవాడ వెళ్లాను. రోడ్డు మీద నీళ్లు కాలువల్లోకి దిగిపోతున్నాయి. నర్సవ్వ ఇంట్లోకి ఈసారి మెట్టు ఎక్కి వెళ్లాను. అత్తాకోడళ్లు పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. ఎరుపూ నీలమూ పట్టెల జంపఖానా సగం అయింది. గుంటలో ఏమైనా చెమ్మ ఉందా అని అడిగాను. లావణ్య పక్కకు జరిగి చోటిచ్చింది. నర్సవ్వ మగ్గం ఆపకుండానే చెప్పింది.

“బూట్లిప్పి కాళ్లు పెట్టి సూడరాదు? నువ్వు కొలిసినోడివే గదా.”

కూర్చుని కాళ్లు గుంటలోకి దించాను. అడుగున మట్టి పొడిగా, చల్లగా ఉంది. మేజోళ్లకు తడి అంటలేదు. అధికారిక తనిఖీ కాకపోయినా ఆ ఫలితం నేను లెవెల్ బుక్కులో తేదీ వేసి రాసుకున్నాను.

లెవెల్ బుక్కులో వెనకచూపు మట్టానికి, ముందుచూపు మట్టానికి గళ్లుంటాయి, గడప మట్టానికి గడి ఉండదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను చూసిన ప్రతి గల్లీ రోడ్డు పుస్తకంలోనూ పెన్సిలుతో ఒక గడి అదనంగా గీయించి, ప్రతి ఇంటి గడప దగ్గరా కొలత కర్ర పెట్టించి, ఆ అంకె నిండకపోతే ఫైలు వెనక్కి పంపేవాణ్ణి. ఏఈలు విసుక్కునేవాళ్లు. రోడ్డు ఎంత గట్టిగా పోయాలో నాకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే తెలుసు. ఎంత ఎత్తులో పోయాలో మాత్రం, నేను పోసినదాన్ని నేనే పగలగొట్టించుకున్నాక తెలిసింది.